చీమ ఎండాకాలం

ఆ ఇంట్లో గొడవలుండవు. గొడవ పుట్టకముందే దాన్ని వేలం వేసేస్తారు.

తాతల నాటినుంచీ వాళ్ళది వేలంపాటల వ్యాపారం. వీధి చివర ఎత్తు కప్పున్న హాలు, హాలు నిండా పాత బీరువాలు, కాళ్ళు విరిగిన సోఫాలు, ఇంటివాళ్ళు పోయాక ఎవరికీ అక్కర్లేకపోయిన గోడగడియారాలు. మామగారు బల్ల వెనక నిలబడి కర్రసుత్తి అందుకున్నారంటే నిద్రలో ఉన్నవాడు కూడా లేచి పాట పెంచుతాడని పేరు. పగలంతా హాల్లో పనిచేసిన ఆ సుత్తి సాయంత్రానికి ఆయన జేబులో ఇంటికొస్తుంది. భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బా పక్కన దానికో చోటుంది. గాలి వచ్చే గది ఎవరిది, గోడలకి ఏ రంగు, సెలవుల్లో ఎక్కడికి, ఏదైనా సరే, ఆదివారం భోజనాలయ్యాక బల్ల మీదికి రావలసిందే. డబ్బు చెల్లదు. కావాలన్నవాడు దానికోసం తను ఏం వదులుకుంటాడో చెప్పాలి. ఎక్కువ వదులుకున్నవాడిదే పాట. ఒకసారి మామగారే సరదాపడి, గోడలకి ఆకుపచ్చ రంగు కోసం తన మధ్యాహ్నపు నిద్ర పాడేశారు. గోడలు ఆకుపచ్చబడ్డాయి. ఆయన మాత్రం ఏడాది పొడుగునా మధ్యాహ్నం వేళ ఎర్రబడ్డ కళ్ళతో ఆ గోడల్ని చూస్తూ దయ్యం పట్టినవాడిలా తిరిగారు. మాట మాత్రం తప్పలేదు.

నియమం ఒక్కటే. పాడనివాడు ఒప్పుకున్నట్టే.

కోడలిగా వచ్చిన కొత్తలో ఆమెకి ఇది ముచ్చటగా ఉండేది. ఆమె పుట్టింట్లో తలుపులు ధడాలుమనేవి, కంచాలు గాల్లో ఎగిరేవి. ఇక్కడ మనుషులు నవ్వుతూ వదులుకుంటున్నారు. ఇంతకన్నా ఏం కావాలి అనుకుంది. ఆమె ఒక్కసారీ పాడలేదు. బంగారంలాంటి కోడలు, అడిగింది లేదు, అలిగింది లేదు అని మామగారు వచ్చినవాళ్ళకల్లా చెప్పేవారు. ఆ మాట వింటూ వింటూ తనది పెద్ద మనసని ఆమె కూడా నమ్మింది. చాలా ఏళ్ళకి గాని అసలు సంగతి ఆమెకి అర్థం కాలేదు. తనకేం కావాలో ఇంట్లో ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే తనకూ తెలియదు.

ఆమె పని చెవుల ఆసుపత్రిలో. వచ్చినవాళ్ళని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు పెట్టి, బయట అద్దం వెనకనుంచి సన్నటి శబ్దాలు పంపిస్తుంది. వినపడితే వేలెత్తమంటుంది. గది గోడలకి మందపాటి స్పాంజి. తలుపు మూస్తే మన గుండె మనకే పరాయిదిలా వినపడుతుంది. ఇన్నేళ్ళలో ఆమె నేర్చుకున్నదొకటుంది. శబ్దం లేకపోయినా వేలెత్తేవాళ్ళుంటారు. తప్పిపోతామేమోనన్న భయంతో, మెప్పించాలన్న ఆత్రంతో. ఆ వేలు చటుక్కున లేస్తుంది. నిజంగా విన్నవాడి వేలు అలా లేవదు. అనుమానంగా, మెల్లగా, తనని తనే అడుక్కుంటూ లేస్తుంది.

మధ్యాహ్నం అందరూ తిండికి వెళ్ళినప్పుడు ఆమె ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని కూర్చుంటుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పదగినంత పెద్ద విషయమేమీ కాదు. కానీ ప్రపంచంలో ఆమెకంటూ ఉన్న ఆస్తి అదే.

ఇక పిల్ల. పదేళ్ళది. దాన్ని ఇంట్లో అందరూ చీమ అంటారు. ఆ పేరు పెట్టింది మామగారే. "చీమ చిటుక్కుమన్నా వినపడుతుందంటారు, మన చీమ చిటుక్కని కూడా అనదు" అని ఆయన హాస్యం. ఈ కబుర్లపోగులింట్లో ఆ పిల్ల నోట మాట రావడం గగనం. అడిగితే తల ఊపుతుంది. మరీ గుచ్చి అడిగితే ఒక్క ముక్క చెప్పి, చెప్పినందుకు చింతిస్తున్నట్టు కాళ్ళవైపు చూసుకుంటుంది. అసలు దీనికి వినపడుతుందా అని ఆడపడుచు ఒకసారి అనుమానపడింది. ఆ అనుమానం తల్లి చెవిలోకి దూరి కూర్చుంది. ఒక సాయంత్రం పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఆటలాగా ఆ గదిలో కూర్చోబెట్టింది. తనకే వినపడనంత సన్నటి శబ్దానికి కూడా పిల్ల వేలు లేచింది. బయటికొచ్చాక "నేను బాగానే ఉన్నానా అమ్మా?" అని అడిగింది చీమ.

ఆడపడుచు చెడ్డమనిషి కాదు. రైల్వేస్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ రైలు ఎన్నో ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో చెప్పే ఉద్యోగం ఆమెది. ఊళ్ళో ఆ గొంతు తెలియనివాడు లేడు. ఇంట్లో పాలు పొంగినా "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్న ధోరణిలోనే చెబుతుంది. అలాంటి మనిషికి చిన్నప్పుడు నత్తి. సరిగ్గా చీమ ఈడులో, ఒక ఎండాకాలమంతా మామగారు ఆమెని హాల్లో బల్లెక్కించి, జనం ముందు సరుకుల పేర్లు పిలిపించారు. ఎండలు పోయేసరికి నత్తి పోయింది. ఇంటికెవరొచ్చినా ఈ కథ చెప్పవలసిందే, అందులోనూ ఆడపడుచు నోట వినవలసిందే. తను తడబడిన పదాల్ని మళ్ళీ తడబడుతూ చెప్పి అందర్నీ పొట్ట చెక్కలయ్యేలా నవ్విస్తుంది.

కాబట్టి పరీక్షలయ్యాక చీమని ఏ సమ్మర్ క్యాంపుకి పంపాలన్న మాట రాగానే ఆడపడుచు కాగితం ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టింది. కొండ మీద నెల రోజుల మాటల క్యాంపు. అక్కడే ఉండాలి. పొద్దున్నే పిల్లలందరూ వంతులవారీగా మైకు ముందుకి రావాలి. మాట్లాడలేనివాళ్ళని ఎవరూ తిట్టరు, కొట్టరు. మాట్లాడేదాకా మిగతావాళ్ళంతా చప్పట్లు కొడుతూనే ఉంటారట.

"ఎంత ప్రేమగా చేస్తారో చూడు వదినా" అంది ఆడపడుచు.

ఆ చప్పట్లు కోడలికి రాత్రి కలలో కూడా ఆగలేదు.

భర్త చదరంగం క్యాంపు అన్నాడు. చిన్నప్పుడు తను ఆడదామనుకుని ఆడనిదది. మామగారికి పక్షం లేదు. సుత్తి పట్టుకున్నవాడికి పక్షం ఉండకూడదు. ఆమె ఆ వారమంతా ఒక నిర్ణయాన్ని కడుపులో పెట్టుకుని తిరిగింది. ఈసారి తను పాడుతుంది. ఆసుపత్రి పక్కసందులో బొమ్మలేయడం నేర్పే చిన్న క్యాంపుంది. నీడ పట్టున, నెమ్మదిగా, ఎవరూ మాట్లాడమనరు. పొద్దున్న తనతో తీసుకెళ్ళి సాయంత్రం తనతో తీసుకురావచ్చు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆ ఇంట్లో ఎదురు తిరగబోతున్నానన్న తలపే ఆమెకి కొత్త చెప్పులేసుకున్నట్టుంది. కరుస్తోంది, బాగుంది కూడా.

ఒక్కటే ఇబ్బంది పెట్టింది. శుక్రవారం స్నానాలగది తలుపు ఓరగా ఉంటే తోసింది. చీమ నీళ్ళబకెట్టులో మొహం ముంచి ఉంది. నెత్తిన పోయిన ఏడాది ఈత క్యాంపులో ఇచ్చిన నీలం టోపీ. నీళ్ళలోంచి బుడగలు ఒక్కొక్కటే నింపాదిగా పైకొస్తున్నాయి.

పోయిన ఏడాది ఈత క్యాంపు సంగతి ఇంట్లో అందరూ మర్చిపోవాలని ఒప్పుకున్న సంగతి. క్యాంపు పొడుగునా చీమ కొలను అంచు పట్టుకుని వేలాడింది. చివరి రోజు మిగతా పిల్లలందరూ ఈ గట్టునుంచి ఆ గట్టుకి ఈదితే, చీమ అంచు వదలకుండా పాక్కుంటూ చుట్టూ తిరిగి వచ్చింది. చూసేవాళ్ళు నవ్వారు. ఆమె టవలు కప్పి, దాని తల తుడుస్తూ, ఇంకెప్పుడూ పంపనులే అని చెవిలో చెప్పింది. అది ఓదార్పని అప్పుడు అనుకుంది.

బకెట్టు ముందు ఆమె ఒక్క క్షణం నిలబడింది. తర్వాత చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాగి, ఏమీ చూడనట్టు వంటింట్లోకి వెళ్ళి కూరగాయలు తరిగింది. చూడకపోతే అడగక్కర్లేదు. అడగకపోతే వినక్కర్లేదు. చెవులు పరీక్షించే మనిషి చేసిన పని ఇది.

ఆదివారం భోజనాలయ్యాయి. బల్ల తుడిచారు. మామగారు గొంతు సవరించుకుని సుత్తి అందుకున్నారు. చీమ ఎప్పట్లాగే బల్ల చివర తన కుర్చీలో కూర్చుంది.

"సరుకు: చీమ ఎండాకాలం. కొత్తది, వాడనిది, గీత పడనిది. పాడండి" అన్నారు మామగారు.

భర్త పాట ఎప్పుడూ సన్నగా పుట్టి సన్నగానే పోతుంది. ఆదివారం పేపరు ముందు తను చదివే హక్కు వదులుకుంటానన్నాడు. దాంతో చదరంగంలో బంటు కూడా రాదురా అని మామగారు జాలిపడ్డారు. ఆడపడుచు స్నేహితురాళ్ళతో సముద్రానికి వెళ్ళే ప్రయాణం వదులుకుంటానంది. ఏడాదిగా ఆ ప్రయాణం గురించే చెబుతోందని అందరికీ తెలుసు. భర్త చేతులెత్తేశాడు. మామగారు ఒకటోసారి అన్నారు.

అప్పుడామె పాడింది. సాయంత్రం మెట్ల మీద ఒంటరిగా కూర్చునే అరగంట వదులుకుంటాను, పిల్ల బొమ్మల క్యాంపుకి వెళ్ళాలి అంది. గొంతు తనది కానట్టుంది.

మామగారి మొహం విప్పారింది. కోడలు పాడిందర్రా, ఇన్నాళ్ళకి ఇల్లు నిండింది అని ఆయన మురిసిపోయారు. ఆడపడుచు కూడా నవ్వి, కుర్చీ ముందుకి లాక్కుని, తన సెలవులన్నీ వేసింది. ఆమె ఆగలేదు. మధ్యాహ్నం స్పాంజి గదిలో తలుపేసుకుని కూర్చునే సంగతి చెప్పి, అదీ వదిలేస్తానంది. అలాంటి గది ఒకటుందని అప్పుడే విన్న భర్త ఆమెవైపు ఎవరో అన్నట్టు చూశాడు. ఆడపడుచు ఇంకా పైకెళ్ళింది. పిల్లతోపాటు తనూ కొండ మీదికెళ్ళి నెల్లాళ్ళూ ఉంటానంది, ఈలోగా స్టేషన్లో తన కుర్చీ ఇంకొకరికిచ్చినా సరేనంది. మామగారు రెండోసారి అన్నారు.

ఆమెకి ఒళ్ళంతా వేడెక్కింది. ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదే అనుకుంది. వదులుకోవడంలో ఇంత బలముందా? తన ఉద్యోగం వేసేస్తే ఆడపడుచు దగ్గర ఇక ఏమీ మిగలదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా ఆడపడుచు కళ్ళు మెరుస్తున్నాయి. తన కళ్ళు కూడా అలాగే మెరుస్తున్నాయని ఆమెకి అర్థమైంది. ఎంతసేపటినుంచో తను పిల్లవైపు చూడలేదని కూడా అప్పుడే అర్థమైంది.

చూసింది.

చీమ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని ఉంది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. కళ్ళు ఎవరినీ చూడటం లేదు. కొలనులో పోయిన ఏడాది పట్టుకున్నట్టే పట్టుకుంది.

తను గెలిస్తే ఏమవుతుందో ఆమెకి ఒక్కసారిగా కనపడింది. ఈ ఇంట్లో గెలిచిన ప్రతి వస్తువు మీదా ఎవరో వదులుకున్నది బరువుగా కూర్చునే ఉంటుంది. ఆ ఆకుపచ్చ గోడల్ని చూసినప్పుడల్లా మామగారి నిద్రే గుర్తొస్తుంది. రేపు ఈ పిల్ల కాగితం మీద ఒక చెట్టు గీస్తే, అమ్మ ఉద్యోగం వదులుకుని గీయించిన చెట్టవుతుంది. కొండ మీదికెళ్ళి నోరు విప్పితే అత్త సముద్రం మానుకుని చెప్పించిన మాటవుతుంది. ప్రేమగా మోపే బరువు కాబట్టి దించమని అడగడానికి కూడా నోరు రాదు.

ఎదురు తిరుగుతున్నాననుకుని తను చేసిందేమిటి? బల్ల దగ్గర ఇంకో కుర్చీ లాక్కుంది, అంతే.

మామగారు సుత్తి ఎత్తారు.

"పాట ఆపండి మామయ్యా. సరుకు వెనక్కి" అంది ఆమె.

ఆ మాట ఇంట్లో ఇంతకుముందు ఎవరూ అనలేదు. హాల్లో మాత్రం ఉంది. మూడో దెబ్బ పడేలోపు సొంతదారు వచ్చి సరుకు వెనక్కి అంటే, ఎంత పెద్ద పాట నడుస్తున్నా సుత్తి దించవలసిందే.

"వెనక్కి అనాల్సింది సొంతదారు. నువ్వు పాడినదానివి కదమ్మా. పాడినవాడు సొంతదారెలా అవుతాడు?" అన్నారు మామగారు. ఆయన మొహంలో కోపం లేదు, వృత్తికి సంబంధించిన అనుమానం ఉంది.

"నేను కాదు. మీరెవరూ కాదు. ఎండాకాలం ఎవరిదో వాళ్ళనే అడగండి."

భర్త చిన్నగా దగ్గి, పిల్ల మనది కదా అన్నాడు. పిల్ల మనది, ఎండాకాలం దానిది అని ఆమె అటు తిరక్కుండానే చెప్పింది. తర్వాత కుర్చీ దగ్గరికి వెళ్ళకుండా, వంగకుండా, బుజ్జగించే గొంతు తెచ్చుకోకుండా, పెద్దవాళ్ళని అడిగినట్టు అడిగింది.

"చీమా, ఇది నీ సరుకు. అమ్మకానికి ఉందా, లేదా?"

చీమ పలకలేదు. ఆడపడుచు ముందుకి వంగి, ఏదైనా చెప్పు తల్లీ, ఒక్క మాట అంది. అంటూనే అలవాటుగా రెండు అరచేతులూ దగ్గరికి తెచ్చింది. చప్పట్లు కొట్టబోతోంది. వదిన ఆ చేతులవైపు చూసిన చూపుకి అవి అక్కడే ఆగిపోయాయి.

"పాడనివాడు ఒప్పుకున్నట్టే, అమ్మాయ్. నీకూ తెలుసు" అన్నారు మామగారు. సుత్తి ఇంకా గాల్లోనే ఉంది.

"హాల్లో మీ పెద్ద పెద్ద కొనుగోలుదార్లు నోరు విప్పుతారా మామయ్యా? ఒకాయన ముక్కు గోక్కుంటాడు, ఇంకొకాయన కనుబొమ్మ ఎగరేస్తాడు. స్తంభం వెనకున్న మనిషి కంటిసైగ కూడా జారనివ్వనని మీరే చెబుతారు. ఈ పిల్ల ఎన్నేళ్ళుగానో మీ ఎదురుగానే కూర్చుంటోంది. ఎప్పుడైనా చూశారా?"

మామగారికి ఎవరైనా వృత్తిలో వంక పెడితే సహించదు. అది నిజమైన వంకైతే అసలు సహించదు. ఆయన సుత్తి అలాగే పట్టుకుని మనవరాలివైపు తిరిగారు. హాల్లో వెనక వరసలో నిలబడ్డ కొత్త మనిషిని చూసినట్టు, మొదటిసారి చూశారు.

వంటింట్లో కుళాయి చుక్క పడింది. చీమ ఎడమచేయి బల్ల అంచునే పట్టుకుని ఉంది. కుడిచేయి వదిలింది. ఒక వేలు మెల్లగా, అనుమానంగా, తనని తనే అడుక్కుంటూ లేచింది.

ఆ వేలు ఆమెకి తెలుసు. ఎవరినీ మెప్పించడానికి లేచే వేలు కాదది.

"వెనక్కి" అంది చీమ. కాస్త ఆగి, బల్లతో చెబుతున్నట్టు అంది, "ఈతకి వెళ్తా. పోయినసారి అంచు వదల్లేదు కదా. అది మిగిలిపోయింది."

నీళ్ళంటే ఆమెకి చచ్చేంత భయం. బొమ్మల క్యాంపు నీడ, చిన్న చిన్న కుంచెలు, పక్కసందు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. వద్దు తల్లీ అనడానికి కావలసిన గాలి అప్పటికే గుండెల్లోకి పీల్చుకుంది కూడా. ఆ గాలిని అలాగే బయటికి వదిలేసింది.

ఆడపడుచు గొంతు లేచింది. "మళ్ళీ అక్కడికా? అందరూ నవ్వారు కదే నిన్ను చూసి. మళ్ళీ నవ్వుతారు. నీకు మాటొస్తే చాలు, ఇవన్నీ అవే వస్తాయి. నన్ను చూడు, నాకు రాలేదా? ఆ బల్లెక్కించకపోతే నేను ఈపాటికి..." ఆగింది. మైకు ముందు ఒక్క పొల్లు పోని గొంతు అక్కడ తడబడింది. "నన్ను... న... నన్నెవరైనా అడిగారా అప్పుడు? నాన్నా, నువ్వడిగావా?"

ఎవరూ నవ్వలేదు. ఆ కథకి ఆ ఇంట్లో ఎవరూ నవ్వకపోవడం అదే మొదటిసారి.

మామగారు కూతురివైపు చూశారు. ఆయన సుత్తిని బల్ల మీద కొట్టలేదు. పడుకోబెట్టినట్టు, ఉప్పు డబ్బా పక్కన ఆనించారు. "సరుకు వెనక్కి" అన్నారు చివరికి, హాల్లో అనే గొంతుతో కాదు. లేచి తన గదిలోకి వెళ్ళిపోయారు.

"చీమ పుట్టలో వేలు పెట్టాం, కుట్టింది. తప్పేముంది" అని భర్త గొణిగాడు. ఆమెవైపు చూసి, ఆ గది సంగతి నాకెప్పుడూ చెప్పలేదే అన్నాడు. నువ్వు అడగలేదు అనబోయి ఆమె ఆగింది. చెప్పలేదు, చెబుతాను అంది. మధ్యాహ్నాల్ని మాత్రం వదులుకోనంది. సరుకు వెనక్కి పోయాక పాటలు చెల్లవు.

ఎండలు ముదిరాయి. ఈత క్యాంపులో కోచ్ అమ్మాయి చీమని చూసి, మళ్ళీ నువ్వా అంది. చీమ తల ఊపి, నీలం టోపీ చెవులమీదికి లాక్కుని నీళ్ళలో దిగింది. దిగి, పోయిన ఏడాది పట్టుకున్న చోటే అంచు పట్టుకుంది. మిగతా పిల్లలు కొలను మధ్యకి వెళ్ళిపోయారు.

ఆమె బెంచీ మీద కూర్చుంది. డ్యూటీ దిగిన ఆడపడుచు చెప్పకుండానే వచ్చి పక్కన కూర్చుంది. సముద్రానికి వెళ్తున్నానని చెప్పింది, టిక్కెట్టు కూడా తీసుకున్నానంది. అవతల గట్టున ఎవరో తల్లులు చీమని చూపించి ఏదో అనుకుని నవ్వుకున్నారు. ఆమె లేచి నిలబడి, వాళ్ళవైపే చూస్తూ ఉండిపోయింది, వాళ్ళు చూపు తిప్పుకునేదాకా.

"వదలట్లేదు వదినా. ఇవాళ కూడా వదలదేమో" అంది ఆడపడుచు మెల్లగా.

"వదలకపోతే వదలకపోనీ" అంది ఆమె. "ఆ అంచు దానిది."

కొలనులో నీలం టోపీ నీళ్ళ కిందికి మునిగింది. అంచు మీద వేళ్ళు మాత్రం కనపడుతున్నాయి. ఇద్దరూ ఆ వేళ్ళనే చూస్తూ కూర్చున్నారు. చప్పట్లు ఎవరూ కొట్టలేదు.